పడావు చెలకలో మళ్లీ చెట్టూ పిట్టా రావాలంటే పైసలు ఎక్కడ, ఎలా అడగాలి

మన తెలంగాణలో చందంపేట వైపో, అచ్చంపేట వైపో, కోయిల్‌కొండ వైపో మీకు నాలుగైదు ఎకరాల చెలక ఉందనుకోండి. అందులో గుట్టను ఆనుకున్న ఎకరం, రెండెకరాలు ఏళ్లుగా పడావు పడి ఉన్నాయి. బోరు వేస్తే నీళ్లు పడవు. పల్లి వేస్తే పందుల పాలు. ఆ ముక్కనైనా మళ్లీ రేగు, మోదుగ, గడ్డి పెరిగి, కౌజులు, కుందేళ్లు, నెమళ్లు తిరిగే జాగగా చేయాలని మీకుంది. కానీ చేతిలో పైసలు లేవు.

ఒక విషయం ముందే తెలిసి ఉండాలి. "అడవి జంతువుల కోసం భూమి వదిలిన, ఎకరానికి ఇంత ఇవ్వండి" అంటే ఇచ్చే పథకం మన దగ్గర లేదు. అమెరికాలో అలాంటిది 1985 నుంచి ఉంది. అక్కడ రైతు పదీ పదిహేనేళ్ల ఒప్పందం మీద భూమిని సాగు నుంచి తప్పిస్తే ప్రభుత్వం ఏటా కౌలు కట్టినట్టు కడుతుంది. ఇక్కడ దారి వేరు. పనిని ముక్కలు చేసుకోవాలి, ఒక్కో ముక్కకు ఒక్కో ఆఫీసుకు పోవాలి. ఆ ఆఫీసుల్లో "వన్యప్రాణుల ఆవాసం" అనే పద్దు ఉండదు. నీటి కుంట, కందకాలు, గట్ల మీద మొక్కలు, పండ్ల తోట, డ్రిప్పు అనే పద్దులుంటాయి. వాళ్ల పద్దు పేరుతోనే అడగండి. మండల ఆఫీసులో "నక్కల కోసం సార్" అంటే నవ్వి పంపిస్తారు. "వాలు భూమి, మట్టి కొట్టుకపోతున్నది, కందకాలు కావాలి" అంటే కాగితం తీస్తారు.

ముందు భూమి సంగతి

పాసుపుస్తకం ఎవరి పేరున ఉందో, విస్తీర్ణం సరిగ్గా పడిందో చూసుకోండి. తండ్రి పోయినా విరాసత్ (వారసుల పేరుకు మార్పు) కాకుండా అట్లే ఉన్న భూములు మన ఊళ్లలో చాలా ఉన్నాయి. అట్లాంటి భూమికి ఏ పథకమూ కదలదు. 2025 ఏప్రిల్ నుంచి భూ రికార్డుల పోర్టల్ ధరణి పోయి భూభారతి వచ్చింది, సవరణలన్నీ ఇప్పుడు దాంట్లోనే. అసైన్డ్ భూమి (సర్కారు పేదలకు ఇచ్చింది) అయితే 1977 చట్టం ప్రకారం అమ్మడానికి, మరొకరికి రాసివ్వడానికి వీల్లేదు. కాబట్టి కంపెనీలతో ఏళ్ల తరబడి ఒప్పందాల జోలికి పోకండి. మీ భూమిలో మీరు మొక్కలు పెట్టుకోవడానికి మాత్రం అడ్డేమీ లేదు. పోడు పట్టా (అడవి భూమి సాగుకు ఇచ్చిన హక్కు పత్రం) ఉన్నవాళ్ల సంగతి కింద విడిగా చెప్తాను.

తర్వాత రైతు భరోసా, అంటే సర్కారు ఇచ్చే పంట పెట్టుబడి సాయం. 2025 జనవరి నుంచి ఎకరానికి ఏడాదికి 12,000 రూపాయలు. ఇది సాగుకు యోగ్యమైన భూమికే వస్తుంది. రాళ్లు, గుట్టలు, ప్లాట్లు చేసిన జాగలను జాబితాలోంచి తీసేశారు. మీరు ఎకరం మొత్తాన్ని కంపకు వదిలేసి, ఎవరో వచ్చి "ఇది సాగు భూమి కాదు" అని రాసుకుపోతే ఆ పైసలకు గండి పడ్డట్టే. అందుకని మొత్తం ఒకేసారి వదలకండి. గట్ల వెంబడి, వాగు ఒడ్డు, గుట్ట అంచు ముందు తీసుకోండి. మధ్యలో సీతాఫలమో, చింతో, కానుగో వరుసల్లో పెట్టి, పంటల నమోదుకు ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) వచ్చినప్పుడు తోటగా రాయించండి. అది అబద్ధమూ కాదు. సీతాఫలం తోటలో ఉడుము, ముంగిస, పూరేడు పిట్ట హాయిగా బతుకుతాయి.

"చెట్లు పెరిగితే ఫారెస్టోళ్లు గుంజుకుంటరు" అన్న భయం ఊళ్లలో గట్టిగా ఉంది. అది ఉత్త పుకారేం కాదు. రికార్డులో ఎవరి పేరున్నా సరే, అడవిలా ఉన్న భూమి అడవి కిందికే వస్తుందని సుప్రీంకోర్టు 1996లో చెప్పింది. 2023లో అటవీ సంరక్షణ చట్టాన్ని సవరించిన తర్వాత కూడా ఆ వాదన కోర్టులో నడుస్తూనే ఉంది. అలాగని మీరు నాటుకున్న చెట్ల కింద పట్టా భూమి పోదు. కాకపోతే అవి మీరు నాటినవేనని చూపించే కాగితం మీ దగ్గర ఉండాలి. మొదలుపెట్టే ముందు నాలుగు మూలల నుంచీ తారీఖు పడేలా ఫోటోలు తీయండి. నర్సరీ రశీదులు, ఉపాధి పని ఎస్టిమేట్ కాపీ, పంటల నమోదు కాగితం ఒకే ఫైలులో ఉంచండి.

అసలు డబ్బు కరువు పనిలోనే

ఊళ్లో కరువు పని అన్నా, నూరు రోజుల పని అన్నా అదే ఉపాధి హామీ. 2005 నాటి చట్టం స్థానంలో పార్లమెంటు 2025 డిసెంబరులో కొత్త చట్టం చేసింది. పనిదినాలు 100 నుంచి 125కు పెరిగాయి, పేరు మారింది. కింద చెప్పేది పాత చట్టంలో నలిగిన పద్ధతి. మీ మండలంలో ఇప్పుడు ఏ ఫారం నడుస్తున్నదో ఎంపీడీఓ (మండల అభివృద్ధి అధికారి) ఆఫీసులో ఉపాధి పనులు చూసే ఏపీఓను అడిగి ఖాయం చేసుకోండి.

సొంత భూమిలో పని అందరికీ రాదు. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లు, ఆడవాళ్లు ఇంటి పెద్దగా ఉన్న కుటుంబాలు, ఇంటి పెద్ద దివ్యాంగులైన కుటుంబాలు, అటవీ హక్కుల పట్టాదారులు ముందు వరసలో ఉంటారు. వాళ్ల తర్వాత ఐదెకరాల లోపున్న సన్న, చిన్నకారు రైతులు. ఇంట్లో జాబ్‌కార్డు ఉండాలి, ఆ పనిలో మీ ఇంటివాళ్లు కనీసం ఒకరు దిగాలి. అంటే మీ భూమిలో మీరు కందకం తవ్వుకున్నా మీకు కూలి పడుతుంది. ఇంత సులువైన డబ్బును చాలామంది వదిలేసుకుంటున్నారు. జాబ్‌కార్డు కూలోళ్లకే అనుకొని, రైతునని చెప్పుకునేవాళ్లు దాన్ని తీసుకోవడమే నామోషీ అనుకుంటారు.

పదెకరాల ఆసామి అయితే ఈ దారి మూసుకున్నట్టే. అప్పుడు మీ ఊరు వాటర్‌షెడ్ పథకంలో ఉందేమో కనుక్కోండి. కేంద్రం ఇచ్చే వాటర్‌షెడ్ నిధి మైదాన ప్రాంతానికి హెక్టారుకు 22,000 రూపాయల లెక్కన వస్తుంది. అది మీ చేతికి రాదు, వాగు పరివాహకం మొత్తం మీద ఖర్చవుతుంది. మీ వాలు భూమి అందులో పడితే కందకాలు, రాతి కట్టలు మీకూ వస్తాయి.

పని జాబితా తయారయ్యేది గ్రామసభలో. వచ్చే ఏడాది పనుల ప్రణాళికకు గ్రామసభలు అక్టోబరు 2 నుంచి మొదలవుతాయి. ఎండాకాలంలో పోయి అడిగితే "లిస్టుల లేదు" అంటారు, అది నిజమే. అందుకే దసరా సమయానికే దరఖాస్తు ఇవ్వండి. ఇలా రాస్తే చాలు:

"పంచాయతీ కార్యదర్శి గారికి. మన గ్రామంలో సర్వే నంబరు ఫలానాలో నాకు ఇన్ని ఎకరాల ఇన్ని గుంటల పట్టా భూమి ఉంది. వాలు భూమి కావడంతో వానకు మట్టి కొట్టుకుపోతోంది. నా జాబ్‌కార్డు నంబరు ఇది. ఈ భూమిలో నీటి కుంట, వాలుకు అడ్డంగా కందకాలు, గట్ల మీద మొక్కల పెంపకం పనులను వచ్చే ఏడాది పనుల జాబితాలో చేర్చి గ్రామసభలో ఆమోదం కోసం పెట్టాలని కోరుతున్నాను."

రెండు కాపీలు తీసుకుపోయి, ఒకదాని మీద ముద్ర, సంతకం, తారీఖు వేయించుకోండి. ముద్ర లేకపోతే రేపు మీరు అడిగారనడానికి సాక్ష్యం ఉండదు.

పని మంజూరయ్యాక జేసీబీ పెట్టకండి. ఒక్క పూటలో అయిపోతుందని ఆశ పుడుతుంది. కానీ ఉపాధి పనిలో కూలి పని తగ్గించే యంత్రాలకు, కాంట్రాక్టర్లకు తావు లేదు. పని ముందు, పని మధ్య, పని అయ్యాక జియోట్యాగ్ ఫోటోలు (ఏ జాగలో తీసిందీ నమోదయ్యేవి) ఎక్కుతాయి. యంత్రం పళ్ల గీతలు ఫోటోలో కనబడితే బిల్లు ఆగుతుంది, మీరు పెట్టిన డీజిల్ డబ్బులూ పోతాయి.

కుంటను కొలతలోనే సరిచేయించాలి

మామూలుగా పొలంలో తవ్వే నీటి కుంట నాలుగు పక్కలా నిటారుగా ఉంటుంది. మోటారు పెట్టుకునేవాళ్లకు అది సరిపోతుంది. జంతువులకు మాత్రం అది ఉచ్చు. కుందేలు, నక్కపిల్ల, జింకపిల్ల నీళ్లకని దిగి ఎక్కలేక చచ్చిపోతాయి. లోపల ప్లాస్టిక్ షీటు పరిచినవైతే ఇంకా ఘోరం, గిట్టలు జారిపోతాయి.

అందుకని ఉపాధి పని టెక్నికల్ అసిస్టెంట్ కొలతలకు వచ్చిన రోజు మీరు అక్కడే ఉండండి. నీళ్లు లోపలికి వచ్చే పక్కను, పశువులు నడిచి దిగేంత ఎటవాలుగా పెట్టించండి. "గొడ్లు నీళ్లు తాగాలి సార్" అంటే ఆయనకు వెంటనే అర్థమవుతుంది, ఎస్టిమేట్‌లో ఇబ్బందీ ఉండదు. ఆ ఎటవాలు మీద పిడికెడంత రాళ్లు పరవండి. పిట్టలు అంచున నిలబడి తాగేది ఆ రాళ్ల మీదే. తవ్విన మట్టిని కుంట చుట్టూ ఎత్తుగా పోయకుండా కింది పక్కనే కట్టగా పోయించండి. ఇప్పటికే షీటు వేసిన కుంట ఉంటే ఒక మూల లావు తాళ్లతో అల్లిన వలో, ఇసుక నింపిన గోనె సంచుల మెట్లో పై నుంచి అడుగు దాకా వేలాడదీయండి.

ఎర్రచెలకలో కుంట వేసవి దాకా నిలవదు. ఫరవాలేదు. మాఘం దాకా నిలిచినా చుట్టూ గడ్డి పట్టుకుంటుంది, కింది బావికో బోరుకో కాస్త ఊట దిగుతుంది.

కంప తీయడం, మొక్క పెట్టడం

ఇక సర్కారు తుమ్మ. ఇది ఉన్నచోట గడ్డి రాదు, వేరే మొక్క లేవదు. దీన్ని తీయడానికి ఎదురు డబ్బు పెట్టక్కర్లేదు. బొగ్గు బట్టీల వాళ్లు, కట్టె కొనేవాళ్లు వచ్చి కొట్టుకుపోతారు. చిక్కల్లా వాళ్లు పైన నరికి మోడు వదిలేయడమే. వానలు పడగానే ఆ మోడు నుంచి పది కొమ్మలు లేస్తాయి. వేరు మొదలుతో సహా తవ్వి తీయాలని ముందే మాట్లాడుకోండి, ఆ మేరకు రేటు తగ్గినా సరే. కట్టె బండెక్కించే ముందు అటవీశాఖ బీట్ ఆఫీసరుకు ఒక మాట చెప్పండి. అంతా ఒకే ఏడు తీసేయకండి. అందులో గూళ్లు, కుందేటి పొదలు ఉంటాయి. మూడో వంతు చొప్పున తీయండి.

మొక్కలకు డబ్బు పెట్టడం దండగ. పంచాయతీ నర్సరీలో ఊరికే ఇస్తారు. 2015లో హరితహారంతో మొదలైన నర్సరీలు ఇప్పుడు వనమహోత్సవం పేరుతో నడుస్తున్నాయి. అడగకుండా పోతే వాళ్ల దగ్గర మిగిలినవి అంటగడతారు. ఏం కావాలో సంక్రాంతి లోపలే చెప్పి పెంచమనాలి. వేప, కానుగ, చింత, మర్రి, రావి, మేడి, ఇప్ప, నల్ల తుమ్మ అడగండి. రేగు, మోదుగ, బలుసు, కలివి లాంటివి నర్సరీలో దొరక్కపోతే గింజలే చల్లుకోవాలి. మేకల దొడ్డి ఊడ్చినచోట దొరికే రేగు గింజలు బాగా మొలుస్తాయి, అవి ఏరుకురండి. సీతాఫలం గింజ నేరుగా నేలలో పెట్టినా లేస్తుంది, పైగా మేకలు ముట్టవు. అందుకే గెట్టు మీదికి అదే సరైన మొక్క. దేశమంతా పేరున్న బాలానగర్ సీతాఫలం మన పాలమూరు బాలానగర్‌దే, వేరే రకం కోసం తిరగనక్కర్లేదు.

గుంతలు ఎండాకాలంలోనే తవ్వించి, మృగశిర దాటి ఆరుద్ర నాటికి మొక్క నేలలో పడేట్టు చూసుకోండి. ఉపాధి హామీలో పెట్టిన మొక్కలకు మూడేళ్లు సంరక్షణ డబ్బు ఉంటుంది. బతికిన మొక్కల లెక్క మీదే అది వస్తుంది కాబట్టి వంద పెట్టి ఎండబెట్టుకునే కంటే నలభై పెట్టి బతికించుకోవడం లాభం. నీటి వసతి కాస్త ఉండి పండ్ల మొక్కలు పెడితే హార్టికల్చర్ ఆఫీసులో డ్రిప్పుకు దరఖాస్తు చేయండి. మన రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీలకు 100 శాతం, బీసీలకు, సన్న, చిన్నకారు రైతులకు 90 శాతం, మిగతావాళ్లకు 80 శాతం సబ్సిడీ. నిధులు ఉన్న ఏడు వస్తుంది, లేని ఏడు క్యూలో ఉంచుతారు.

చెట్టు పెంచడానికి అనుమతి అక్కర్లేదు కానీ రేపు కొట్టుకోవాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద చాలా జాతులకు అనుమతి కావాలి. టేకు, ఎర్రచందనం పెడితే ఈ టెన్షన్ ఇంకా ఎక్కువ. పిట్టల కోసమే అయితే అవి పెట్టకపోవడమే మేలు.

పందులు, పక్క రైతు

మీరు పొద పెంచితే ముందు వచ్చేది నెమలి కాదు, పంది. పక్క చెలకల వాళ్లు పల్లి వేసుకుంటే మీతో తగాదా ఖాయం. ఈ ఖర్చుకు ఏ పథకమూ పైసా ఇవ్వదు, మీరే చూసుకోవాలి. పొదలకు, పక్క రైతు గెట్టుకు మధ్య ట్రాక్టరు తిరిగేంత జాగ ఎప్పుడూ దున్ని బోడిగా ఉంచండి. పంది బయలు జాగ దాటడానికి వెనకాడుతుంది. పల్లి చుట్టూ కొన్ని సాళ్లు కుసుమ, మక్క చుట్టూ ఆముదం వేయమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్తారు. ఆ విత్తనం మీరు కొనిచ్చినా మంచిదే, తగాదా కంటే చవక. మాగనూరు, కృష్ణ, మక్తల్ వైపు పందులకు తోడు కృష్ణ జింకల మందలున్నాయి. అక్కడ పొదల కంటే గడ్డి వైపు మొగ్గండి. మీ జాగలో మేత దొరికితే పక్క పంట మీద ఒత్తిడి కొంతైనా తగ్గుతుంది.

కంచెకు నేరుగా కరెంటు ఇవ్వడం మాత్రం ఎవరు చెప్పినా వినొద్దు. మనుషులు పోతున్నారు. జంతువు చచ్చినా 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు. సోలార్ కంచె వేరు. అది షాక్ కొట్టి బెదిరిస్తుంది, చంపదు.

నల్లమల అంచు ఊళ్లలో పశువును చిరుతో, పెద్దపులో కొడితే కళేబరాన్ని కదిలించకుండా అదే రోజు బీట్ ఆఫీసరుకు చెప్పండి. పంచనామా జరిగితేనే పరిహారం. కోపంతో కళేబరానికి మందు పూస్తే పరిహారం పోతుంది, జైలూ తప్పదు.

చెంచు, లంబాడీ రైతులకు

పోడు పట్టా ఉన్న గిరిజన రైతులకు 2025 మే నెలలో అమ్రాబాద్ మండలం మాచారంలో ఇందిర సౌర గిరి జల వికాసం మొదలైంది. ఆరు లక్షల ఎకరాలకు సోలార్ పంపులతో నీళ్లివ్వాలన్నది లక్ష్యం. నీళ్లు వస్తే తోట పెట్టుకోవచ్చు, దాని గట్లు మీ ఇష్టం. నాబార్డ్ (వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు) గిరిజన అభివృద్ధి నిధి కింద "వాడి" అనే పద్ధతి కూడా ఉంది. కుటుంబానికి సుమారు ఎకరంలో పండ్ల చెట్లు, చుట్టూ గట్టు మీద అడవి జాతి చెట్లు. మనకు కావాల్సిన నమూనా ఇదే. కానీ ఇది ఒంటరి రైతుకు రాదు, స్వచ్ఛంద సంస్థ ద్వారా ఊళ్లకు వస్తుంది. జిల్లా నాబార్డ్ అధికారిని, మన్ననూరు ఐటీడీఏలో (గిరిజన అభివృద్ధి సంస్థ) అధికారులను అడగండి. పులుల అభయారణ్యం లోపలి ఊళ్లను తరలించేటప్పుడు కుటుంబానికి 15 లక్షలు ఇచ్చే ప్యాకేజీ పూర్తిగా వేరే సంగతి. పైన చెప్పిన పథకాలను ఆ ప్యాకేజీతో కలిపి మాట్లాడేవాళ్ల మాట నమ్మకండి.

కంపెనీ డబ్బు, కార్బన్ డబ్బు

2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు పెట్టాలి. ఆ జాబితాలో జీవజాతుల రక్షణ, చెట్ల సాగు ఉన్నాయి, చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలనీ ఉంది. జడ్చర్ల, చౌటుప్పల్ వైపు ఫార్మా కంపెనీలు, వాడపల్లి వైపు సిమెంట్ ఫ్యాక్టరీలు మీకు దగ్గరే. అయితే ఆ డబ్బు మీ ఒక్కరి ఖాతాకు రాదు. రిజిస్టరైన ట్రస్టో, సొసైటీయో, అదీ ఈ పనికి కేంద్రంలో నమోదైనదై ఉండాలి. పది మంది రైతులు కలిసి అలాంటి సంస్థ ద్వారా ఒక వాగు మొత్తానికి అడిగితే వింటారు.

కార్బన్ క్రెడిట్ల వాళ్లు, అంటే మీ చెట్లు గాలిలోంచి పీల్చుకునే కార్బన్‌ను లెక్కగట్టి అమ్మిపెడతామనేవాళ్లు, ఇప్పుడు ఊళ్లకు వస్తున్నారు. ఒప్పందం ఎన్నేళ్లు, క్రెడిట్ అమ్మితే మీ వాటా ఎంత, మొదటి పైసా ఎప్పుడు, మధ్యలో చెట్టు కొట్టుకుంటే జరిమానా ఏమిటి, ఈ నాలుగూ తెలుగులో రాసివ్వమనండి. రాసివ్వకపోతే అక్కడితో సరి. ఒరిజినల్ పాసుపుస్తకం ఇవ్వకండి, జీపీఏ (మీ తరఫున అన్నీ చేసే అధికార పత్రం) మీద సంతకం పెట్టకండి. 2023లో కేంద్రం తెచ్చిన గ్రీన్ క్రెడిట్ కార్యక్రమంలో చెట్ల పెంపకం అటవీశాఖ చూపించిన క్షీణించిన భూముల్లో మొదలైంది, మీ పట్టా చెలకతో దానికి సంబంధం లేదు.

భూమిని శాశ్వతంగా కాపాడాలనుకుంటే

వన్యప్రాణి చట్టం సెక్షన్ 36సి కింద, తమంతట తాము ముందుకొచ్చిన వ్యక్తి భూమిని ప్రభుత్వం కమ్యూనిటీ రిజర్వ్‌గా, అంటే వన్యప్రాణుల కోసం కాపాడే భూమిగా ప్రకటించవచ్చు. అభయారణ్యాల లోపలి భూములకు ఇది వర్తించదు. భూమి మీదే ఉంటుంది. 2022 సవరణ తర్వాత, సొంత భూమి అయితే నిర్వహణ కమిటీలో యజమాని, అటవీశాఖ ప్రతినిధి, పంచాయతీ లేదా గిరిజన సమాజం ప్రతినిధి ఉంటారు. వన్యప్రాణుల ఆవాసాల అభివృద్ధికి కేంద్రం ఇచ్చే నిధికి కమ్యూనిటీ రిజర్వ్‌లు అర్హమే. మన లెక్కలో "ఆవాసం" పేరుతోనే పద్దు ఉన్న ఒకే ఒక్క చోటు ఇది. దరఖాస్తు డీఎఫ్ఓ (జిల్లా అటవీ అధికారి) ద్వారా చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు పోవాలి. నిధి అటవీశాఖ వార్షిక ప్రణాళికలోంచి పనుల రూపంలో వస్తుంది.

కట్టుబాటు కూడా అంతే గట్టిది. ఆ తర్వాత కమిటీ తీర్మానం, ప్రభుత్వ ఆమోదం లేకుండా భూమి వాడకాన్ని మార్చలేరు. రేపు బిడ్డ పెళ్లికి ఎకరం అమ్ముదామంటే కొనేవాడు ఆలోచిస్తాడు. రెండెకరాల రైతుకు నేనైతే ఇది చెప్పను. ఇరవై, ముప్ఫై ఎకరాల గుట్ట భూమి ఉండి, పిల్లలందరూ ఒప్పుకొని సంతకాలు పెట్టే ఇల్లయితేనే ఆ దరఖాస్తు రాయండి.

ఆగిపోయినప్పుడు

ఎక్కడో ఒకచోట ఫైలు ఆగుతుంది. ముద్ర ఉన్న కాపీతో సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి పోయి అర్జీ పెట్టండి, నంబరు తీసుకోండి. కదలకపోతే సమాచార హక్కు కింద రెండే ప్రశ్నలు వేయండి: నా దరఖాస్తు మీద ఏ తారీఖున ఏం చర్య తీసుకున్నారు, గ్రామసభ ఆమోదించిన పనుల జాబితా కాపీ ఇవ్వండి. ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి. ఆ జాబితాలో మీ సర్వే నంబరు లేకపోతే, వచ్చే అక్టోబరు గ్రామసభకు అదే కాగితం పట్టుకుని ముందు వరసలో కూర్చోండి.